సంఖ్యోపాసకుడు శ్రీనివాస రామానుజన్

సంఖ్యలు లోకవ్యవహారము కొరకు ఏర్పడిన పనిముట్లని జనులు సామాన్యముగా తలంతురు. ధాన్యము కొలుచుటకు, కూలి లెక్కించుటకు, తిథివారములు గుణించుటకు అవి అక్కరకు వచ్చును. అక్కర తీరినంతనే వాటిని మరచిపోవుదురు. సంఖ్యను ప్రయోజనము కొరకు గాక అందలి సత్యము కొరకే ధ్యానించినవారు ఏ దేశమందైనను అరుదు. అట్టివారిలో అగ్రగణ్యుడు శ్రీనివాస రామానుజన్. ఆయన జీవించినది ముప్పదిరెండేండ్లు మాత్రమే. అందు పెక్కేండ్లు దారిద్ర్యముతోను, చివరి మూడేండ్లు వ్యాధితోను గడచినవి. అయినను ఆయన వ్రాసియుంచిన విషయములను పూర్తిగా గ్రహించుటకు తరువాతి గణితవేత్తలకు ఒక శతాబ్దము చాలలేదు.

జననము, బాల్యము

రామానుజన్ 1887 డిసెంబరు 22వ తేదీన ఈరోడునందు మాతామహుల యింట జన్మించెను. తండ్రి శ్రీనివాస అయ్యంగారు కుంభకోణములో ఒక బట్టల దుకాణమున గుమాస్తా. ఆయన సంపాదన స్వల్పము. తల్లి కోమలతమ్మాళ్ దేవాలయమున భజనలు పాడి, దానివలన వచ్చు కొద్దిపాటి ధనముతో సంసారమునకు చేదోడుగా నుండెడిది. నామక్కల్ క్షేత్రమున వెలసిన నృసింహస్వామి దేవేరి నామగిరి అమ్మవారు ఆ కుటుంబమునకు ఇలవేల్పు. సంతతి కొరకు ఆ దేవిని వేడుకొనగా ఈ బిడ్డ కలిగెనని ఇంటివారి విశ్వాసము. రెండేండ్ల ప్రాయమున సోకిన మశూచికమునుండి బాలుడు బ్రతికి బయటపడెను.

కుంభకోణములో సారంగపాణి సన్నిధి వీధియందలి చిన్న యింట రామానుజన్ పెరిగెను. 1897లో ప్రాథమిక పరీక్షయందు తంజావూరు జిల్లాలో ప్రథముడుగా నిలిచి, మరుసటి యేడు టౌను ఉన్నత పాఠశాలలో చేరెను. పదమూడేండ్లు నిండునప్పటికి పెద్ద తరగతుల విద్యార్థులు చదువు త్రికోణమితి గ్రంథమును తానే సాధించెను. 1903లో కార్ అను ఆంగ్లేయుడు రచించిన గణితసంగ్రహ మొకటి ఆయన చేతికి వచ్చెను. అది పరీక్షలకు సిద్ధమగువారి కొరకు కూర్చబడిన గ్రంథము. అందు వేలకొలది సిద్ధాంతములు వరుసగా చెప్పబడియున్నవి గాని, వాటి ఉపపత్తులు మిక్కిలి క్లుప్తముగా నున్నవి, లేదా అసలే లేవు. ఇతరులకు శుష్కమైన పట్టికగా తోచు ఆ పుస్తకము రామానుజన్‌కు మహాద్వారమయ్యెను. చెప్పిన ప్రతి సిద్ధాంతమును తన దారిని తానే నిరూపించుకొనుచు, చెప్పని వాటిని కనుగొనుచు ఆయన ముందునకు సాగెను. కాగితము కొనుటకు చాలినంత ధనము లేనందున లెక్కలన్నియు పలకమీదనే చేయుచు, మోచేతితో తుడిచివేయుచు, తుది ఫలితమును మాత్రము నోటుపుస్తకమున వ్రాసికొనుచుండెను. ఈ యలవాటు వలన ఆయన నోటుపుస్తకములలో ఫలితములు నిలిచినవి. వాటిని చేరిన మార్గములు పలకతోనే చెరిగిపోయినవి.

కష్టకాలము

1904లో ఉన్నత పాఠశాల విద్య ముగియునప్పుడు రామానుజన్‌కు గణితమున బహుమానము లభించెను. కుంభకోణము ప్రభుత్వ కళాశాలలో విద్యార్థివేతనము కూడ దొరకెను. కాని అప్పటికే ఆయన మనస్సు గణితమునకు తప్ప మరి దేనికిని లొంగకుండెను. ఇతర విషయములలో తప్పినందున విద్యార్థివేతనము పోయెను. ఆ దుఃఖము భరింపలేక 1905 ఆగస్టులో ఎవరికిని చెప్పక ఇల్లు వదలి విశాఖపట్టణమునకు వెడలిపోయెను. తల్లిదండ్రులు వెదకించగా కొంతకాలమునకు తిరిగి వచ్చెను. 1906లో చెన్నపురి పచ్చయప్ప కళాశాలలో చేరి మరల ప్రయత్నించెను గాని, ఎఫ్.ఏ. పరీక్ష రెండు పర్యాయములును తప్పెను. ఇక పట్టము లేదు, ఉద్యోగము లేదు.

1909లో తల్లి ఆయనకు జానకి అను బాలికతో వివాహము చేసెను. కుటుంబభారము పైబడగా రామానుజన్ నోటుపుస్తకములు చేతబట్టి జీవనోపాధి కొరకు తిరుగనారంభించెను. భారత గణితసంఘ స్థాపకుడైన వి. రామస్వామి అయ్యరు తిరుక్కోయిలూరులో డిప్యూటీ కలెక్టరుగా నుండగా ఆయనను దర్శించెను. ఆ పుస్తకముల విలువ నెరిగిన అయ్యరు ఆయనను చెన్నపురిలోని తన మిత్రుల వద్దకు పంపెను. అట్లు క్రమముగా నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు గారి యొద్దకు చేరెను. బొద్దుగా, మాసిన దుస్తులతో, మెరయు కన్నులతో నిలిచిన ఆ యువకుడు చెప్పినది మొదట ఆయనకు పూర్తిగా బోధపడలేదు. క్రమముగా వినినకొలది అతడు సామాన్యుడు కాడని గ్రహించి, నెలకు ఇరువదియైదు రూపాయలు స్వంతముగా నిచ్చుటకు పూనుకొనెను. 1911లో బెర్నూలీ సంఖ్యలనుగూర్చి రామానుజన్ వ్రాసిన తొలి వ్యాసము గణితసంఘ పత్రికలో వెలువడెను.

పరుల దయపై బ్రతుకుట రామానుజన్ మనస్సునకు నచ్చలేదు. 1912 మార్చి 1వ తేదీన మద్రాసు పోర్టు ట్రస్టు కార్యాలయమున నెలకు ముప్పది రూపాయల జీతముపై గుమాస్తాగా చేరెను. అచటి ప్రధాన గణాంకాధికారి ఎస్. నారాయణ అయ్యరు స్వయముగ గణితజ్ఞుడు. పగలు కచేరి పని ముగిసినపిదప రాత్రివేళ ఇరువురును చెరియొక పలక పట్టుకొని కూర్చుండెడివారు. రామానుజన్ ఒక్క అంగలో దాటిన దూరమును ఇతరులు నడువగల మెట్లుగా విడదీసి వ్రాయవలెనని నారాయణ అయ్యరు ఆయనకు బోధించుచుండెను.

హార్డీకి లేఖ

1913 జనవరి 16వ తేదీన రామానుజన్ కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునందలి జి.హెచ్. హార్డీకి లేఖ వ్రాసెను. దానితో నూరునకు పైగా సిద్ధాంతములను, ఉపపత్తులు లేకయే, జతపరచెను. అంతకుముందు ఇతర ఆంగ్ల గణితవేత్తలకు వ్రాసిన లేఖలు నిష్ఫలములయ్యెను. హార్డీ సైతము మొదట సందేహించెను. ఆ రాత్రి తన సహచరుడగు లిటిల్‌వుడ్‌తో కూడి ఆ కాగితములను పరిశీలింపగా, కొన్ని సూత్రములు తెలిసినవిగా, కొన్ని కష్టముమీద సాధింపదగినవిగా కనబడెను. మరికొన్ని మాత్రము అపూర్వములు. అవి సత్యములే కావలెనని, కల్పించుటకైనను అంతటి ప్రతిభ ఎవరికిని ఉండజాలదని హార్డీ నిశ్చయించుకొనెను. ఆయన ప్రోత్సాహమువలన మద్రాసు విశ్వవిద్యాలయము 1913 మే నుండి రామానుజన్‌కు నెలకు డెబ్బదియైదు రూపాయల పరిశోధక వేతన మిచ్చెను.

హార్డీ ఇంగ్లండునకు రమ్మని పిలిచెను. ఆచారవంతుడైన వైష్ణవునకు సముద్రయానము నిషిద్ధము, తల్లి సమ్మతింపలేదు. అప్పుడు రామానుజన్ నామక్కల్ వెళ్లి అమ్మవారి సన్నిధిని మూడు రాత్రులు గడపెనని, ఆయనకు అనుజ్ఞ కలిగెనని చెప్పుదురు. తల్లికి సైతము స్వప్నమున దేవి కనబడి, కుమారుని మార్గమున అడ్డు నిలువవలదని ఆదేశించెనని మరికొందరు చెప్పుదురు. 1914 మార్చి 17వ తేదీన ఆయన చెన్నపురి రేవున ఓడ యెక్కెను. ఏప్రిల్ 14న లండను చేరెను.

కేంబ్రిడ్జిలో

ట్రినిటీ కళాశాలయందు గురుశిష్యులుగాను, సహాధ్యాయులుగాను ఆ యిరువురు పనిచేసిన తీరు విచిత్రమైనది. హార్డీ నాస్తికుడు, ఉపపత్తి లేనిదే దేనిని అంగీకరింపడు. రామానుజన్ భక్తుడు; సూత్రములు స్వప్నమున నామగిరి దేవి యనుగ్రహమువలన తనకు స్ఫురించునని స్వదేశమునందలి మిత్రులతో చెప్పియుండెను. రామానుజన్ మతనిష్ఠ బాహ్యాచారమే గాని అంతకు మించినది కాదని హార్డీ అభిప్రాయము. ఆయనను దేశమున ఎరిగినవారు దీనిని ఒప్పుకొనలేదు. ఈ వివాద మెట్లున్నను ఒక విషయము నిశ్చయము. స్ఫురించిన సూత్రమును రామానుజన్ స్ఫురణగానే విడిచిపెట్టలేదు. నిద్ర లేచినంతనే వ్రాసికొని, అంకెలతో సరిచూచుకొనుట ఆయన నియమము. దేవి యిచ్చినదని నమ్మిన దానిని గూడ పరీక్షింపక అంగీకరింపలేదు.

సంఖ్యలను ఆయన పరీక్షించిన రీతికి 1915లో ప్రకటించిన అతిసంయుక్త సంఖ్యల వ్యాసము నిదర్శనము. విషయము చిన్నపిల్లలకు గూడ బోధపడునది. 12ను శేషము లేక భాగించు సంఖ్యలు 1, 2, 3, 4, 6, 12 అని ఆరు. 12కు లోపల ఏ సంఖ్యకును ఆరు భాజకములు లేవు. ఇట్లు తనకంటె చిన్నవైన సంఖ్యలన్నిటికంటెను ఎక్కువ భాజకములు గల సంఖ్యయే అతిసంయుక్త సంఖ్య. 24కు ఎనిమిది, 36కు తొమ్మిది, 48కి పది, 60కి పన్నెండు భాజకములు కలవు, ఇవన్నియు అట్టివే. దినమునకు 60 ఘడియలు, ఆవృత్తికి 60 సంవత్సరములు అని లెక్కించు జనులకు 60 ఎన్ని విధముల సమభాగములుగా విడిపోవునో అనుభవమువలన తెలిసియే యుండును.

ఈ సంఖ్యల అంతర్నిర్మాణమును రామానుజన్ బయలుపరచెను. అతిసంయుక్త సంఖ్యను ప్రధాన సంఖ్యల గుణకారముగా విడదీసినచో, 2 ఎన్ని మారులు వచ్చునో 3 అంతకు మించి రాదు. 3 ఎన్ని మారులు వచ్చునో 5 అంతకు మించి రాదు. తుది ప్రధాన సంఖ్య, 4, 36 అను రెండింటియందు తప్ప, ఒక్కమారే వచ్చును. ఈ సూత్రములతో ఆయన పెద్ద పట్టికను సిద్ధపరచెను. అందు కడపటిది 67,46,32,83,88,800. ఇది ఆరు లక్షల డెబ్బదినాలుగు వేల కోట్లకు మించిన సంఖ్య. అందు 2 ఆరుమారులు, 3 నాలుగుమారులు, 5, 7 రెండేసిమారులు, 11, 13, 17, 19, 23 ఒక్కొక్కమారు గుణింపబడియున్నవి. దానికి సరిగా 10,080 భాజకములు కలవు. అంతకు లోపలి సంఖ్య దేనికిని అన్ని భాజకములు లేవు. గణనయంత్రముల సాయము లేని కాలమున ఒకడు కలము పట్టి తేల్చిన విషయమిది.

ఆ పట్టికలో 102 సంఖ్యలున్నవి. ఉండవలసినవానిలో ఒకటి తప్పిపోయెను. అది 2,93,31,86,25,600. దానికి 5,040 భాజకములు కలవు. విశేషమేమనగా, తప్పిపోయిన ఈ సంఖ్యను 23తో గుణించినచో వచ్చునది పట్టికలోని కడపటి సంఖ్యయే. శిఖరమును చేర్చిన మెట్టే లెక్కలోనికి రాక పోయినది. తరువాతివారు ఆ లోపమును కనుగొని పూరించిరి. రామానుజన్ కీర్తికి దానివలన కొరత కలుగలేదు. మానవుని చూపు ఎంత దూరము పోయినను ఒకచోట రెప్పపాటు కలుగును. గణితము ఆ రెప్పపాటును దాచదు, ఎవనికొరకును క్షమింపదు. ఎవరైనను, ఎప్పుడైనను సరిచూచుకొనుటకు అందు దారి తెరచియే యుండును.

ఈ పరిశోధనపై 1916 మార్చిలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఆయనకు బి.ఏ. పట్టము నొసగెను. చెన్నపురిలో రెండుమారులు ఎఫ్.ఏ. తప్పినవానికి ఈ పట్టము లభించెను.

విభజనల రహస్యము

హార్డీ రామానుజనులు కలిసి సాధించిన కార్యములలో విభజనల సిద్ధాంతము ప్రసిద్ధము. 4ను సంఖ్యల మొత్తముగా ఎన్ని విధముల వ్రాయవచ్చును? 4, 3+1, 2+2, 2+1+1, 1+1+1+1 అని ఐదు విధములు. 5కు ఏడు విధములు. 10కి 42. ఇంతవరకు వ్రేళ్లపై లెక్కింపవచ్చును. 100కు ఈ విధములు 19,05,69,292. ఇంత వేగముగా పెరుగు సంఖ్యను ఒక సూత్రముతో నేరుగా పొందగలమా అనునది ప్రశ్న.

పదునెనిమిదవ శతాబ్దమున ఆయిలరు కనుగొనిన యొక పద్ధతి కలదు గాని, దానితో ఒక్కొక్క మెట్టే ఎక్కవలెను. 200 యొక్క విభజనలు కావలెనన్నచో అంతకు లోపలివన్నియు ముందుగా లెక్కించి, వాటిలో ఇరువదిరెండింటిని కూడుచు తీసివేయుచు పోవలెను. పూర్వము భారతదేశమున సైనికోద్యోగిగా పనిచేసిన మేజర్ మక్‌మహోన్ ఈ శ్రమకు పూనుకొని, 1 మొదలు 200 వరకు పట్టిక తయారుచేసెను. ఆయన లెక్క ప్రకారము 200కు విభజనలు 39,72,99,90,29,388.

హార్డీ రామానుజనులు వేరొక మార్గమున బయలుదేరిరి. మెట్లెక్కక నేరుగా గమ్యమును చూపు సూత్రమును వారు నిర్మించిరి. దానిని 200కు వర్తింపజేసి మొదటి ఎనిమిది పదములు కూడగా, మక్‌మహోన్ సంఖ్యకు దశాంశముల తరువాత 0.004 మాత్రమే అధికముగా వచ్చెను. విభజనల సంఖ్య పూర్ణాంకమే కావలెను గనుక, ఆ స్వల్పాంశమును విడిచినచో మిగిలినది సరిగా మక్‌మహోన్ సంఖ్యయే. లక్షల కోట్లలో ఒక్కటియు తేడా లేదు. ఒకరు ఒక్కొక్క మెట్టు ఎక్కి, మరియిద్దరు ఆకాశమార్గమున వచ్చి ఒకే ద్వారమున కలిసికొన్నట్లయ్యెను. సూత్రము ఇంత సూక్ష్మముగా సరిపోవునని హార్డీయే ఊహింపలేదు. ఈ వ్యాసము 1918లో ప్రకటితమయ్యెను. 1937లో రాడెమాకర్ అను జర్మను గణితవేత్త దానిని సంపూర్ణ సూత్రముగా తీర్చెను.

మక్‌మహోన్ పట్టికను ఇతరులును చూచిరి. రామానుజన్ అందొక నియమమును చూచెను. 4, 9, 14 మొదలగు సంఖ్యలకు విభజనలు 5, 30, 135; ఇవన్నియు 5చే భాగింపబడును. 5, 12, 19 మొదలగు వాటికి 7, 77, 490. ఇవి 7చే భాగింపబడును. 6, 17 మొదలగు వాటికి 11, 297. ఇవి 11చే భాగింపబడును. కూడికనుండి పుట్టిన ఈ సంఖ్యలకు భాగహారముతో ఇట్టి సంబంధ ముండుటకు పైకి కారణమేదియు కానరాదు. 5, 7 విషయమున రామానుజన్ ఉపపత్తులను 1919లో ప్రకటించెను.

వ్యాధి, గౌరవములు

1914లో మహాయుద్ధము ప్రారంభమయ్యెను. లిటిల్‌వుడ్ సైనికసేవకు పోయెను. శాకాహారనియమము వీడనని తల్లికి మాట యిచ్చివచ్చిన రామానుజన్, చలిదేశమున తన గదిలో తానే వండుకొనుచుండెను. యుద్ధకాలమున కూరగాయలు దొరకుట కష్టమయ్యెను. వేళకు తిండి లేదు, నిద్ర లేదు. ఇంటివద్ద అత్తకోడండ్రకు పొసగక పోవుటచే భార్య లేఖలు సైతము ఆయనకు చేరకుండెను. 1917లో తీవ్రమైన వ్యాధి సోకెను. వైద్యులు దానిని క్షయయని చికిత్స చేసిరి. కాలేయమునకు సంబంధించిన అమీబిక వ్యాధియై యుండవచ్చునని 1994లో ఒక వైద్యుడు వాదించెను. ఒక ఆరోగ్యశాలనుండి మరియొకదానికి మారుచు ఆయన రెండేండ్లు గడపెను.

ఈ దశలోనే గౌరవములు వచ్చినవి. 1918లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను. భారతీయులలో ఆ గౌరవము పొందినవారిలో ఆయన రెండవవాడు. అదే సంవత్సరము అక్టోబరులో ట్రినిటీ కళాశాల ఫెలోగా ఎన్నికైన తొలి భారతీయుడయ్యెను.

లండను సమీపమున పట్నీలో శయ్యపై నుండగా హార్డీ చూడవచ్చి, తాను ఎక్కివచ్చిన టాక్సీ సంఖ్య 1729 అని, అందు విశేషమేమియు లేదని పలికిన కథ లోకప్రసిద్ధము. అది రెండు ఘనముల మొత్తముగా రెండు విధముల వ్రాయదగిన సంఖ్యలలో మిక్కిలి చిన్నదని రామానుజన్ తక్షణమే బదులిచ్చెను. 12 ఘనమునకు 1 ఘనము కలిపినను 1729. 10 ఘనమునకు 9 ఘనము కలిపినను 1729. ఇది అప్పటికప్పుడు పుట్టిన చమత్కారము కాదు. ఆయన చివరి కాగితములలో ఇట్టివి మరికొన్ని కలవు. 791 ఘనమును 812 ఘనమును కూడినచో 1010 ఘనమగు 1,03,03,01,000కు ఒక్కటి మాత్రమే తక్కువగును. ఇట్టి సామీప్యములను వరుసగా పుట్టించు పద్ధతియే ఆయన యొద్ద నుండెను. చిరకాలపు పరిచయముచే ఒక్కొక్క సంఖ్యయు ఆయనకు స్వజనమువంటి దయ్యెను.

1919 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయము ఆయనకు సంవత్సరమునకు 250 పౌనుల వేతనము ఏర్పరచినట్లు తెలిసెను. వెంటనే ఆయన అధికారులకు లేఖ వ్రాసెను. తల్లిదండ్రులకు ఏటేట 50 పౌనులు పంపగా, తన యవసరములకు పోను మిగిలినది బీదవిద్యార్థుల యొక్కయు అనాథబాలకుల యొక్కయు చదువులకు వినియోగింపవలెనని కోరెను. ఒకప్పుడు కాగితమునకు కొరతపడి, విద్యార్థివేతనము పోయినదని ఇల్లు వదలినవాడు కొంత ధనము చేజిక్కిన దినమున మొదట తలచినది అట్టి బాలురనే.

చివరి దినములు

1919 ఫిబ్రవరి 27న ఓడ యెక్కి, మార్చి 27న బొంబాయి చేరెను. స్వదేశపు గాలి సోకినను శరీరము కోలుకొనలేదు. కొడుముడి, కుంభకోణము, చెన్నపురి చేట్‌పట్టు అని తావులు మార్చి చికిత్స జరిపిరి. జానకి ఆ దినములలో దగ్గరనుండి సేవచేసెను. బాధ దుర్భరమైనప్పుడును ఆయన పలకయో కాగితమో కోరుచుండెను. 1920 జనవరి 12న హార్డీకి వ్రాసిన తుది లేఖలో ఒక నూతన గణితవిషయమును వివరించెను. దానికి మాక్ థీటా ప్రమేయములని పేరు. ఏప్రిల్ 26వ తేదీన చేట్‌పట్టునందు ఆయన దేహయాత్ర ముగిసెను.

ఆయన తరువాత

రామానుజన్ విడిచిపోయిన నోటుపుస్తకములలో మూడువేలకు మించిన ఫలితములున్నవి. బ్రూస్ బెర్న్‌డ్ అను అమెరికా గణితవేత్త వాటిని ఒక్కొక్కటిగా పరిశీలించి 1985 మొదలు 1998 వరకు ఐదు సంపుటములుగా ప్రకటించెను. చివరియేటి కాగితములను 1976లో ట్రినిటీ గ్రంథాలయమున జార్జి ఆండ్రూస్ కనుగొనెను. నోటుపుస్తకములలోని ఫలితములలో అత్యధికము సత్యములుగా తేలినవి. కొన్ని తప్పులును దొరకినవి. వాటిలో ప్రసిద్ధమైన దొకటి తెలుగునేలతో సంబంధము గలది.

విభజనలను గూర్చి రామానుజన్ విశాలమైన ఊహ నొకటి ప్రకటించియుండెను. ఒక సంఖ్యను 24తో గుణించి ఒకటి తీసివేయగా వచ్చునది 5 యొక్క, 7 యొక్క, లేక 11 యొక్క ఎన్నవ ఘాతముచే భాగింపబడునో, ఆ సంఖ్య విభజనల మొత్తమును అదే ఘాతముచే భాగింపబడవలెనని ఆయన తలంచెను. 200 వరకు గల పట్టికలో ఇది ఎచ్చటను తప్పలేదు. తరువాత హంసరాజ్ గుప్త ఆ పట్టికను 300 వరకు పొడిగించెను. 243ను 24తో గుణించి ఒకటి తీసివేసినచో 5,831 వచ్చును. అది 7ను మూడుమారులు గుణింపగా వచ్చు 343చే భాగింపబడును. కావున 243 విభజనల సంఖ్యయు 343చే భాగింపబడవలెను. ఆ సంఖ్య 13,39,78,25,93,44,888. అది 49చే శేషము లేక భాగింపబడును గాని, 343చే భాగింపబడదు. దీనిని 1934లో వెల్లడించినవాడు సర్వదమన్ చౌలా. ఆయన ఆ కాలమున వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితాచార్యుడు. విద్యార్థివేతనము పోగొట్టుకొని పదునేడేండ్ల రామానుజన్ పారిపోయి వచ్చిన విశాఖపట్టణము ఇదే.

ఆ దోషము మార్గమును మూసివేయలేదు. 7 విషయమున ఊహను ఎట్లు సవరింపవలెనో వాట్సన్ 1938లో నిరూపించెను; 5 విషయమున రామానుజన్ మాటయే నిలిచెను. 11 విషయమున గూడ ఆయన మాట సత్యమేయని 1967లో ఆట్కిన్ స్థిరపరచెను. పదునైదంకెల సంఖ్య యొకటి ఒక మహాపురుషుని మాటను కాదనెను. అది కాదన్నందువలననే ఆ మాటయందలి సత్యభాగము శుద్ధమై నిలిచెను.

రామానుజన్ జీవితమును తలచునపుడు జనులు స్వప్నములను, దేవతానుగ్రహమును మాత్రమే చెప్పుకొని ఆశ్చర్యపడుట కలదు. అనుగ్రహమును నమ్మినవాడే యైనను ఆయన రాత్రులెన్నియో పలక యెదుట గడపెను. నాస్తికుడైన మిత్రునితో కూర్చుండి తాను చూచినదానిని అతడు ఒప్పుకొనునట్లు నిరూపింప యత్నించెను. భక్తునకును నాస్తికునకును, పాలకదేశపు ఆచార్యునకును పాలితదేశపు గుమాస్తాకును 200 విభజనల సంఖ్య ఒక్కటే. దానిని ఇరువురును తమదని చెప్పుకొనలేదు. ఇరువురును దాని యెదుట తల వంచిరి. 2012 నుండి భారతదేశము డిసెంబరు 22వ తేదీని జాతీయ గణితదినముగా జరుపుకొనుచున్నది. ఆ దినమున ఏ పల్లెబడిలోనైనను ఒక బాలుడు పలక పట్టి, 60కి భాజకము లెన్ని అని తానే లెక్కించి, తన లెక్కను తానే మరల సరిచూచుకొనెనేని, రామానుజన్ నడచిన బాటలో ఒక అడుగు వేసినవాడగును.